కాంపౌండ్ విల్లుకి యారో రెస్ట్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

వేట కోసం తయారైన కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలు, వాటి మధ్య కేబుళ్లు ఉండే విల్లు) మన దగ్గరికి ఎక్కువగా ప్యాకేజీ రూపంలోనే వస్తుంది. డబ్బా విప్పితే విల్లు, సైటు, చిన్న స్టెబిలైజరు, అమ్ములపొది, వాటితో పాటు ఒక యారో రెస్ట్ ఉంటాయి. కొన్నాళ్లకి సైటు మారుస్తారు, రిలీజు (నారిని పట్టి వదిలే మీట) మారుస్తారు, ఖరీదైన బాణాలు తెప్పిస్తారు. రెస్ట్ జోలికి మాత్రం చాలామంది వెళ్లరు. బాణం ఆనడానికి ఏదో ఒక కొక్కెం ఉంటే చాలదా అనుకుంటారు. బాణం విల్లు దాటేదాకా దాన్ని తాకేవి రెండే రెండు: వెనక నారి, కింద రెస్ట్. వదిలిన క్షణం నుంచి బాణం నారిని వీడేదాకా పట్టే సమయం సెకనులో వందో వంతుకి కాస్త అటూ ఇటూ. గురి అంతా ఆ కాస్తలోనే తేలిపోతుంది.

రామతీర్థం రాముడి కోదండానికి రెస్ట్ లేదు కదా అనొచ్చు. సీతంపేట వైపు ఏజెన్సీలో వెదురు విల్లుకీ ఉండదు, పిడికిలి మీదే బాణం ఆనుతుంది. కాంపౌండ్ సంగతి వేరు. దీని రైజర్‌ని, అంటే పిడి ఉండే నడిమి గట్టి భాగాన్ని, మధ్య గీత దాటి లోపలికి చెక్కుతారు కాబట్టి బాణం విల్లు పక్కనుంచి కాకుండా నడిమధ్య నుంచి వెళుతుంది. వేళ్లతో నారి వదిలితే బాణం పక్కలకి వంగుతుంది. కాంపౌండ్‌లో రిలీజు మీటతో వదులుతాం కాబట్టి ఆ వంపు ఎక్కువగా పైకీ కిందికీ ఉంటుంది. అందుకే ఇక్కడ రెస్ట్ బాణానికి కింద నుంచి ఆసరా ఇవ్వాలి, సమయానికి అడ్డు తప్పుకోవాలి. చక్రాలు లేని రికర్వ్ విల్లుకి అంటించే చిన్న ప్లాస్టిక్ రెస్ట్ తక్కువకి వస్తోందని దీనికి అంటిస్తే పనిచేయదు.

ముందు చట్టం

విల్లు కొన్నారని తెలిస్తే ఊళ్లో మొదటి ప్రశ్న ఇదే: "విల్లుంది గదేటి, ఓ పందిని కొట్టీరాదా?" ఉద్దానం జీడితోటల్లో ఎలుగులు తిరుగుతాయి, పార్వతీపురం వైపు ఏనుగులు దిగుతాయి, పందులైతే చెప్పనే అక్కర్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేట నేరం. పంట పాడుచేసిన జంతువైనా సరే, అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా దాని మీద బాణం వేయకూడదు. హంటింగ్ బో అని పేరున్నంత మాత్రాన అది వేటకి పర్మిట్ కాదు. కాబట్టి ఈ వ్యాసమంతా అట్టల మీద, ఫోమ్ టార్గెట్ల మీద కొట్టేవాళ్ల కోసమే.

ఈ మాట చెప్పడానికి ఇంకో కారణమూ ఉంది. రెస్ట్‌ల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా వేటగాళ్లవి. చెట్టు మీద మంచెలో గంటలకొద్దీ కూర్చోవడం, మంచు గడ్డకట్టడం, జింకకి చప్పుడు వినపడకుండా చూసుకోవడం వాళ్ల బాధలు. మన బాధలు వేరు. ఉక్కపోత, కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలి, కోతలయ్యాక మళ్లలో లేచే దుమ్ము, అన్నిటికీ మించి విల్లు రిపేరు చేసే దుకాణం వీధి చివర ఉండకపోవడం. నా లెక్క ప్రకారం మన శ్రీకాకుళం, విజయనగరం వైపు రెస్ట్ ఎంచుకోవడానికి మొదటి కొలత ఒకటే: ఇంట్లో ఉన్న పనిముట్లతో మీ అంతట మీరు బిగించుకుని, సరిచేసుకోగలిగినదై ఉండాలి. మిగతా గొప్పలన్నీ ఆ తర్వాతే.

మొదటి అడుగు: ఏం కొట్టబోతున్నారో తేల్చుకోండి

పెరట్లోనో తోటలోనో 20 మీటర్ల లోపు సరదాగా కొడతారా, పోటీలకి వెళతారా? 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు కొట్టాక, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ చేరిందని తెలిశాక, రెండోది అనేవాళ్లు పెరుగుతున్నారు. మంచిదే. అయితే అంతర్జాతీయ నియమాల్లో కాంపౌండ్ ఔట్‌డోర్ దూరం 50 మీటర్లు, విల్లు బలం 60 పౌండ్లు దాటకూడదు, బాణం షాఫ్ట్ (కాడ) 9.3 మిల్లీమీటర్ల కన్నా లావు ఉండకూడదు. వేట విల్లులు చాలావరకు 70 పౌండ్లకి సెట్ చేసి వస్తాయి, ముందు దాన్ని తగ్గించుకోవాలి. ఆకులు కొమ్మల బొమ్మలున్న కామో రంగునీ ఆ నియమాలు ఒప్పుకోవు, విల్లు కొనేటప్పుడే రంగు చూసుకోండి.

రెస్ట్ విషయంలో ఆ నియమాలు ఉదారంగానే ఉంటాయి. అటూ ఇటూ జరుపుకోవచ్చు, కదిలే రకమైనా ఫర్వాలేదు. కరెంటుతో, బ్యాటరీతో పనిచేసేది మాత్రం పనికిరాదు. పిడి లోతైన చోటు నుంచి వెనక్కి, అంటే మీ వైపుకి, బాణం ఆనే బిందువు 6 సెంటీమీటర్లు దాటకూడదు. మామూలు రెస్ట్ ఏదీ ఆ హద్దు దాటదు.

రెండో అడుగు: రకాలు

అమ్మకానికి ఉన్నవి పేర్లలో వందలు. లోపలి పనితీరు చూస్తే నాలుగే.

బిస్కెట్ రకం. గుండ్రటి చక్రంలో చుట్టూ కుచ్చులా గట్టి వెంట్రుకలు, మధ్యలో బాణం దూరే రంధ్రం. విస్కర్ బిస్కెట్ అనే పేరుతో ప్రసిద్ధి. ప్యాకేజీ విల్లులతో వచ్చేది చాలాసార్లు ఇదీ లేదా దీని నకలే. బాణాన్ని నాలుగు వైపులా పట్టుకుని ఉంటుంది, విల్లు తలకిందులు చేసినా జారదు. కదిలే భాగం ఒక్కటీ లేదు, కాబట్టి చెడిపోయేదీ తక్కువ. పిల్లలకి, కొత్తవాళ్లకి ఇంతకన్నా నిశ్చింత లేదు. లోపం ఏమిటంటే వేన్లు (బాణం వెనక ఉండే చిన్న రెక్కలు) ప్రతిసారీ ఆ కుచ్చుని రాసుకుంటూ వెళతాయి. వేగం ఏ కొద్దో తగ్గుతుంది. 20 మీటర్లలో అది మీకు తెలియను కూడా తెలియదు. 50 మీటర్లలో టార్గెట్ మీద బాణాల గుంపు కాస్త విచ్చుకోవడంలో తెలుస్తుంది. ఈకలు కట్టిన బాణాలకి మాత్రం ఇది వద్దు, ఈకలు నాశనమైపోతాయి. పొట్టిగా, గట్టిగా ఉండే ప్లాస్టిక్ వేన్లు వాడాలి.

పాత బిస్కెట్ ఎవరైనా తక్కువకి ఇస్తానంటే ఒక్కటి చూడండి. చక్రాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి రంధ్రం అడుగు భాగం చూడాలి. కొత్తదాంట్లో అక్కడి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటాయి. అరిగినదాంట్లో ఆరు గంటల స్థానంలో నున్నగా పడుకుని, బాణం కూర్చునే చోట గాడి పడి ఉంటుంది. బాణం పెట్టి చూస్తే మధ్యలో నిలవకుండా ఒక పక్కకి ఒరుగుతుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

డ్రాప్-అవే, అంటే పడిపోయే రకం. లాగేటప్పుడు పైకి లేచి బాణాన్ని మోస్తుంది, వదలగానే కిందికి పడి వేన్లకి దారి ఇస్తుంది. ఇవాళ వేట విల్లుల మీద ఎక్కువ మంది కోరుకునేది ఇదే. దీన్ని కదిలించేది ఒక సన్నటి తాడు. ఆ తాడు ఎక్కడికి కట్టారన్నదాన్ని బట్టి ఇందులో మళ్లీ రెండు కులాలు.

మొదటిది కేబుల్‌కి కట్టేది. విల్లు లాగినప్పుడు కిందికి దిగే కేబుల్ ఒకటుంటుంది. దానికి తాడు కడితే అది దిగుతూ రెస్ట్‌ని పైకి లేపుతుంది. క్యూఏడీ వాళ్ల అల్ట్రారెస్ట్ ఈ పద్ధతిలో పేరున్నది. బొటనవేలితో ముందే పైకి లేపి పెట్టుకునే మీట కూడా దానికి ఉంది, లాగి వదలకుండా మెల్లగా దించినా అది పడిపోదు. రెండోది లింబ్‌కి, అంటే లాగినప్పుడు వంగే విల్లు కొమ్మకి, కట్టేది. ఇందులో లోపలి స్ప్రింగు రెస్ట్‌ని ఎప్పుడూ పైకే తోస్తుంటుంది, విల్లు ఖాళీగా ఉన్నప్పుడు లింబ్‌కి కట్టిన తాడు బిగుతుగా లాగి కింద ఉంచుతుంది. విల్లు లాగితే లింబ్ వంగి తాడు వదులై రెస్ట్ లేస్తుంది. బాణం వదిలాక లింబ్ తిరిగొచ్చి దాన్ని కిందికి గుంజేస్తుంది. హామ్‌స్కీ, వేపర్ ట్రెయిల్ ఈ పద్ధతికి పెట్టింది పేరు.

మన పరిస్థితిలో నేను ఓటు వేసేది లింబ్ రకానికే. తాడుని లింబ్‌కి క్లిప్పుతోనో ముడితోనో తగిలిస్తే సరి, బో ప్రెస్ (విల్లుని నొక్కిపట్టే యంత్రం) అవసరం రాదు. కేబుల్ రకంలో తాడుని కేబుల్ పోగుల మధ్యలోంచి దూర్చి కట్టమని చెబుతారు, దానికి విల్లుని ప్రెస్‌లో బిగించి కేబుల్ వదులు చేయాలి. ప్రెస్ లేకుండా బిగించే క్లాంపులూ ఉన్నాయి, కానీ ఉక్కపోత రోజుల్లో చేతి చెమటా, కేబుల్‌కి రాసే మైనమూ కలిసి ఆ క్లాంప్ కేబుల్ మీద మెల్లగా జారుతుంది. జారిందని మీకు తెలిసేలోపు రెండు వారాల సాధన దండగవుతుంది. పేరు లేని కంపెనీల కేబుల్ రకం నకళ్ల దగ్గరికైతే వెళ్లనే వద్దు. వాటి లోపలి స్ప్రింగు, బుష్ ఎంతకాలం ఉంటాయో చెప్పలేం.

బ్లేడ్ రకం. సన్నటి స్ప్రింగ్ స్టీలు నాలుక, చివర చిన్న వి ఆకారపు గంటు, దాని మీద బాణం. బాణం వంగినప్పుడు ఇదీ వంగుతుంది. తాడు లేదు, రెస్ట్ ఎప్పుడు లేవాలన్న టైమింగ్ గొడవ లేదు. పోటీల్లో కొట్టేవాళ్లు ఇష్టపడేది ఇది. బ్లేడ్ మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు: 8, 10, 12. తేలికపాటి సన్న బాణానికి పల్చటిది, బరువైన లావు బాణానికి మందమైనది. దీనితో చిక్కల్లా బాణాన్ని ఏదీ పట్టుకుని ఉండకపోవడమే. చేయి వణికినా, సముద్రపు గాలి పక్కనుంచి తోసినా బాణం జారిపడుతుంది. పూర్తిగా లాగి ఉన్నప్పుడు జారి, అది గమనించకుండా వదిలితే చేతికే ప్రమాదం. బారువ ఒడ్డున కొట్టేవాళ్లకీ, మొదటి ఏడాది నేర్చుకునేవాళ్లకీ ఇది వద్దంటాను.

నాలుగోది రెండు కొమ్ముల పాత రకం. రెండు సన్నటి ఊచల మధ్య బాణం కూర్చుంటుంది. సెకండ్‌హ్యాండ్ విల్లులకి తగిలించి వస్తుంది. పనిచేస్తుంది, కానీ కొత్తగా డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

మూడో అడుగు: మీ విల్లు ఏది ఒప్పుకుంటుంది?

పిడికి కొంచెం పైన రైజర్‌ని పక్కనుంచి చూస్తే మరలు చెక్కిన రంధ్రం ఒకటి కనబడుతుంది. దాన్ని బెర్గర్ హోల్ అంటారు. రెస్ట్‌లన్నీ ఏళ్ల తరబడి దానికే బిగుస్తున్నాయి. ఈమధ్య ఖరీదైన విల్లుల్లో రైజర్‌లోనే డవ్‌టెయిల్ ఆకారం చెక్కి, రెస్ట్‌ని నేరుగా దానికి పట్టించే పద్ధతి వచ్చింది. ఆ డవ్‌టెయిల్‌కి మాత్రమే సరిపోయే రెస్ట్‌ని పాత విల్లుకి కొంటే బిగించే దారి ఉండదు. ఆర్డరు పెట్టేముందు మీ విల్లు ఫొటో, రెస్ట్ వెనక భాగం ఫొటో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇక్కడే మన ఊళ్లలో ఎక్కువ విల్లులు దెబ్బతినే సంగతి ఒకటి చెప్పాలి. బెర్గర్ హోల్ మరల కొలత అంగుళాల్లో ఉంటుంది: అంగుళంలో 5/16 వంతు వ్యాసం, అంగుళానికి 24 మరలు. మిల్లీమీటర్లలో 7.94. రెస్ట్‌తో వచ్చిన బోల్టు పోయిందనుకోండి, హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి చూపిస్తే "ఇది 8 ఎం.ఎం. బోల్టే" అని ఎం8 ఇస్తారు. చూడ్డానికి అచ్చం అదే. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత బిగుసుకుంటుంది, మనం అలెన్ కీ వేసి ఇంకా తిప్పుతాం, రైజర్ అల్యూమినియం కాబట్టి మరలు చిత్తవుతాయి. చేత్తో చివరిదాకా హాయిగా తిరగని బోల్టుని విల్లులో ఎప్పుడూ కీతో తిప్పకండి. సరైన బోల్టు రెండు అదనంగా తెప్పించి ఇంట్లో పడేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

అలెన్ కీల కథా ఇంతే. అమెరికా తయారీ విల్లుకీ రెస్ట్‌కీ అంగుళాల సెట్టు కావాలి, మనకి దొరికేవి ఎక్కువగా మిల్లీమీటర్లవి. 5/32కి 4 ఎం.ఎం., 5/64కి 2 ఎం.ఎం. దాదాపు సరిపోతాయి. 9/64, 7/64, 3/32లకి మాత్రం దగ్గరి కొలత లేదు. లూజుగా ఉన్న కీతో తిప్పితే స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని తీయడానికి లేత్ మిషన్ దగ్గరికి పరిగెత్తాలి. అంగుళాల సెట్టు ఒకటి రెస్ట్‌తో పాటే ఆర్డరు పెట్టండి.

ఇంకోటి: రెస్ట్‌లలో కుడి, ఎడమ వేరు. కుడిచేత్తో నారి లాగేవాళ్లది కుడి విల్లు. ఎడమచేతివాటం వాళ్లు పెట్టె మీద ఎల్‌హెచ్ అని ఉందో లేదో చూసుకోవాలి, ఎడమవి తక్కువగా దొరుకుతాయి.

నాలుగో అడుగు: బాణంతో జత

బాణం తేల్చుకోకుండా రెస్ట్ కొనొద్దు. బిస్కెట్ అయితే రంధ్రం సైజు షాఫ్ట్ లావుని బట్టి ఉండాలి. సన్న బాణం పెద్ద రంధ్రంలో అటూ ఇటూ ఊగుతుంది. బ్లేడ్ అయితే వెడల్పు సంగతి: 9.3 ఎం.ఎం. లావు బాణానికి వెడల్పుది, 5 ఎం.ఎం. దానికి సన్నది. డ్రాప్-అవే మాత్రం దాదాపు అన్నిటినీ మోస్తుంది.

వేన్లు ఎటు తిరిగి ఉండాలన్నదీ రెస్ట్‌ని బట్టే. మూడు వేన్ల బాణంలో వేరే రంగుది ఒకటుంటుంది. బ్లేడ్ మీద అది పైకి ఉండాలి, అప్పుడు కింది రెండు వేన్లు బ్లేడ్‌కి చెరో పక్క నుంచి పోతాయి. రెండు కొమ్ముల రెస్ట్‌లో అదే వేన్ కిందికి, కొమ్ముల సందులోంచి పోవాలి. నాక్‌ని, అంటే నారికి తగిలించే బాణం వెనక కొసని, చేత్తో తిప్పి సరిచేసుకోవచ్చు.

బాణం పొడవు ప్రాణానికి సంబంధించింది. పూర్తిగా లాగినప్పుడు బాణం ముందు కొస రెస్ట్ దాటి కనీసం అంగుళం ముందుండాలి. స్నేహితుడి పొట్టి బాణాలు అరువు తెచ్చుకుని లాగితే కొస రెస్ట్ వెనక్కి పడి, వదిలినప్పుడు చేతిలోకి దిగే ప్రమాదం ఉంది.

ఐదో అడుగు: బిగించడం

బోల్టుని చేత్తో పట్టేంత బిగించి ఆపండి. ముందు ఎత్తు. బాణం నారికి తగిలించినప్పుడు, దాని షాఫ్ట్ బెర్గర్ హోల్ నడిమధ్య నుంచి వెళుతున్నట్టు పక్కనుంచి కనిపించాలి. నారికీ బాణానికీ మధ్య 90 డిగ్రీలు. దీనికి బో స్క్వేర్ అనే కొలబద్ద ఉంది. అది లేకపోతే మేస్త్రీ వాడే చిన్న రసమట్టంతో పని జరుగుతుంది. విల్లుని కదలకుండా పట్టించి, నారి నిట్టనిలువుగా ఉందో లేదో చూసి, తర్వాత బాణం మీద పెట్టి బుడగ మధ్యకి వచ్చేలా రెస్ట్ ఎత్తు మార్చండి. బ్లేడ్ వాడేవాళ్లు నాక్ వైపు ఒక్క పిసరు ఎత్తు ఉంచుకుంటారు, అంగుళంలో పదహారో వంతు చాలు.

తర్వాత పక్కకొలత. రైజర్ లోపలి అంచు నుంచి బాణం మధ్యకి అంగుళంలో 13/16, అంటే 20 మిల్లీమీటర్ల పైచిలుకు. చాలా విల్లులకి ఇది మంచి ఆరంభం. మీ విల్లు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే వేదం. ఇది ఆరంభం మాత్రమే, అసలు స్థానం కొట్టి చూశాకే తేలుతుంది.

ఇప్పుడు బోల్టు గట్టిగా బిగించండి. అలెన్ కీ పొట్టి చేయి పట్టుకుని బిగిస్తే చాలు, పొడుగు చేయి పట్టుకుని బలమంతా పెట్టక్కర్లేదు. కదిలే అవకాశమున్న చిన్న స్క్రూలకి నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్కో చుక్క. ఎరుపుది వాడకండి, వేడి చేస్తే తప్ప ఊడదు.

బాణం ఆనే చోటా, రెస్ట్ పడే షెల్ఫ్ (బాణం కింద రైజర్‌లో ఉండే గట్టు) మీదా ఫెల్ట్ అంటించాలి. లేకపోతే లోహం మీద కార్బన్ రాసుకుని కీచుమంటుంది. రెస్ట్‌తో వచ్చే ఫెల్ట్ జిగురు మన మే నెల ఎండకి ఆగదు. విల్లుని కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం ఉంచితే అంచులు లేస్తాయి. పాత జిగురుని స్పిరిట్‌తో తుడిచి, ఆరాక కొత్తది అంటించి రాత్రంతా వదిలేయండి.

ఆరో అడుగు: టైమింగ్, డ్రాప్-అవే వాళ్లకి మాత్రమే

బాణం లేకుండా విల్లు లాగొద్దు. చేయి జారితే ఖాళీ దెబ్బకి లింబులు పగలొచ్చు. బాణం తగిలించి, టార్గెట్ వైపే తిరిగి, మెల్లగా లాగండి. ఇంకొకరు మీ పక్కన కాస్త వెనగ్గా నిలబడి రెస్ట్‌నే చూడాలి. కేబుల్ రకంలో రెస్ట్ పూర్తిగా లేవడం అనేది లాగడం ముగిసే చివరి ఒకటి రెండు అంగుళాల్లో జరగాలి. చాలా ముందే లేచిపోతే, మిగిలిన దూరమంతా తాడు కేబుల్‌ని గుంజుతూనే ఉంటుంది. పూర్తిగా లాగినా లేవడం ముగియకపోతే తాడు పొడవైందన్నమాట. లింబ్ రకంలో రెండే చూడాలి: విల్లు ఖాళీగా ఉన్నప్పుడు రెస్ట్ పూర్తిగా కిందికి ఆనిందా, పూర్తిగా లాగినప్పుడు తాడు వదులుగా వేలాడుతోందా.

సరిపోయాక తాడు క్లాంప్‌లోంచి బయటికొచ్చే చోట మార్కర్ పెన్నుతో ఒక గీత గీయండి. కొత్త నారి సాగుతుంది, తాడు జారుతుంది. గీత జరిగిందంటే టైమింగ్ పోయినట్టే. ఒక్క చూపుతో తెలిసిపోతుంది.

ఫోన్ స్లో మోషన్‌లో తీసి చూద్దామని కుర్రాళ్లకి సరదా. తీయండి, కానీ దాని మీద తీర్పు చెప్పకండి. సెకనుకి 240 ఫ్రేములు తీసినా, బాణం నారిని వీడేలోపు మీకు దక్కేవి మూడో నాలుగో ఫ్రేములు. వేన్ రెస్ట్‌ని తాకిందా లేదా అన్నది రెండు ఫ్రేముల సందులో జరిగిపోతుంది. దానికి పౌడరే మేలు.

ఏడో అడుగు: పౌడరు, కాగితం

వేన్ల మీదా, బాణం వెనక జానెడు మేరా కాళ్లకి కొట్టుకునే పౌడర్ స్ప్రే కొట్టండి. లేదా వేన్ అంచులకి లిప్‌స్టిక్ రాయండి, రెస్ట్ మీద మరక పడుతుంది. దగ్గర నుంచి ఒక్క బాణం వేసి, టార్గెట్‌లోంచి లాగకుండానే వేన్లు చూడండి, లాగేటప్పుడు చేయి తగిలితే ఆనవాలు చెరిగిపోతుంది. పౌడరులో సన్నటి గీత ఏ వేన్ మీద, ఏ వైపు ఉందో చూస్తే రెస్ట్‌లో ఏ భాగం తగిలిందో తెలుస్తుంది. చాలాసార్లు నాక్‌ని కొంచెం తిప్పడంతోనే సమస్య తీరిపోతుంది. రెస్ట్ జరపడానికి ముందు అదే చేయండి. బిస్కెట్ వాళ్లకి ఈ పరీక్ష అక్కర్లేదు, వాళ్ల వేన్లు ఎలాగూ తగులుతాయి.

తర్వాత కాగితం. పాత ఫొటో ఫ్రేముకి న్యూస్‌పేపర్ బిగుతుగా అంటించి నిలబెట్టండి, దాని వెనక గట్టి టార్గెట్ తప్పనిసరి. రెండు మీటర్ల దూరం నుంచి కొట్టండి. బాణం ముందు కొస గుండ్రటి చిల్లు చేస్తుంది, వేన్లు మూడు చీలికలు చేస్తాయి. చీలికలు చిల్లు చుట్టూనే ఉంటే బాణం తిన్నగా పోతోంది. చీలికలు చిల్లుకి పైన ఉంటే వెనక భాగం ఎత్తుగా పోతోంది: రెస్ట్ కొంచెం పైకి జరపాలి. కింద ఉంటే రెస్ట్ కిందికి. పక్కలకి చిరిగితే తొందరపడకండి. ముందు పిడి పట్టులో మణికట్టు మెలిక ఉందేమో చూసుకోండి, విల్లుని గట్టిగా పిడికిలి బిగించి పట్టేవాళ్లకి పక్క చిరుగు తప్పదు. పట్టు సరిగా ఉన్నా చిరుగుతుంటే రెస్ట్‌ని అర మిల్లీమీటరు ఒక వైపు జరిపి మళ్లీ కొట్టండి. చిరుగు తగ్గితే అదే దారి, పెరిగితే రెండో దారి. ఒకేసారి ఎత్తూ పక్కా రెండూ మార్చొద్దు.

మూడు బాణాల్లో మూడూ ఒకేలా చిరిగితేనే నమ్మండి. మూడూ మూడు రకాలుగా చిరిగితే తప్పు రెస్ట్‌ది కాదు.

దూరం కొట్టేవాళ్లకి ఇంకో పరీక్ష ఉంది. టార్గెట్ మీద నిలువుగా ఒక టేపు అంటించి, పైన ఒక చుక్క పెట్టండి. సైటు మార్చకుండా ఆ ఒక్క చుక్కకే గురిపెట్టి 10, 20, 30 మీటర్ల నుంచి కొట్టండి. దూరం పెరిగేకొద్దీ బాణాలు కిందికి పడతాయి, అది సహజం. టేపు వెంబడి నిలువుగా దిగుతున్నాయా, ఒక పక్కకి పోతున్నాయా అన్నదే చూడాలి. దూరం పెరిగేకొద్దీ ఎడమకి పోతుంటే రెస్ట్‌ని పిసరంత కుడికి జరపాలి, కుడికి పోతుంటే ఎడమకి. ఇది గాలి లేని పొద్దున్న చేయాలి. మన వైపు తొమ్మిది దాటాక సముద్రపు గాలి మొదలైతే, రెస్ట్‌ది కాని తప్పుకి రెస్ట్‌ని జరుపుతూ కూర్చుంటారు.

డబ్బు లెక్క, ఆ తర్వాత సంరక్షణ

మంచి డ్రాప్-అవే ఖరీదు మామూలు బిస్కెట్ కన్నా మూడు నాలుగు రెట్లు ఉంటుంది. విదేశం నుంచి నేరుగా తెప్పిస్తే కస్టమ్స్ సుంకం అదనం, అది డెలివరీ రోజున తెలుస్తుంది. టోపాయింట్, శాన్‌లిడా లాంటి చైనా కంపెనీల రెస్ట్‌లు తక్కువకి వస్తాయి. వాటిలో బిస్కెట్ రకం తీసుకోవచ్చు, చెడిపోయే యంత్రం లేదు కాబట్టి. మొదటి ఏడాది బిస్కెట్‌తోనే కొట్టి, మిగిలిన డబ్బు ఒకే స్పైన్ (వంగే గట్టిదనం) ఉన్న మంచి బాణాల మీద పెట్టమని నా సలహా. గుంపు నిలకడగా వచ్చాక లింబ్ రకం డ్రాప్-అవే. పోటీల్లో స్కోరు లెక్కపెట్టుకునే దశ వచ్చాక బ్లేడ్ సంగతి ఆలోచించండి.

తీరం దగ్గర ఉండేవాళ్లు కొట్టి వచ్చిన ప్రతిసారీ రెస్ట్‌ని పొడి గుడ్డతో తుడవాలి. బ్లేడ్ స్టీలుకి, స్క్రూ తలలకి ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. కుట్టు మిషన్ నూనె వేలికి అద్దుకుని పల్చగా రాస్తే చాలు. డ్రాప్-అవే ఇరుసులో మాత్రం నూనె పోయకండి, మళ్లలో దుమ్మంతా అక్కడే పేరుకుని రెస్ట్ పడడం మందగిస్తుంది. బిస్కెట్ వెంట్రుకలకి నూనె అసలే వద్దు. వర్షాకాలంలో విల్లుని సంచిలో మూసి పెట్టకుండా గాలి ఆడేచోట వేలాడదీయండి. బ్లేడ్ గంటు దగ్గర వెంట్రుకవాసి పగులు కనిపించినా, లేదా గోటితో మీటితే మునుపటిలా తిరిగి రాకపోయినా బ్లేడ్ మార్చేయండి. బ్లేడ్లు విడిగా దొరుకుతాయి, రెస్ట్ మొత్తం కొననక్కర్లేదు.